బంకరుకు వేసిన సున్నం

"సున్నం వెయ్యమని ఎవలు చెప్పేరప్పా నీకు?"

"ఒకలు చెప్తే గానీ పని చెయ్యనేటి నేను? శుభ్రం చెయ్యండి, శుభ్రం చెయ్యండి అని ఇన్నాళ్ల బట్టీ గోల పెడుతున్నది నువ్వే కదా. చేసేను."

"శుభ్రం అంటే ఇదా? లోపల గోడ మీద గీతలున్నాయి కదా! అవి చూడ్డానికే రేపు పొద్దున్న సాహెబ్ వస్తన్నాడు. ఆయనికి ఏటి చూపించీది? నీ సున్నమా?"

"ఏ గీతలు? నాకు మసి పట్టిన గోడే కనపడింది."

"ఫోటో చూపించేను కదా! మొబైల్‌లో దగ్గరికి పెట్టి మరీ చూపించేను. చూసి తలూపేవు."

"తలూపితే చూసినట్టేటి? నువ్వు ప్రార్థన చెప్తే నీ పక్కనున్నోళ్లందరూ తలూపుతారు, అందరూ విన్నట్టేనా?"

"నీ కళ్లజోడేది?"

"చిందుతాదని తీసి కొంగున ముడేసేను. పాడైతే కొత్తది నువ్వు కొంటావా?"

"కళ్లజోడు కొంగున కట్టుకుని గోడలకి సున్నం వేసినోళ్లని నేనెక్కడా చూళ్లేదు!"

"ఇప్పుడు చూసేవు కదా."

టీచరమ్మ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె ఒకసారి కిందికి, మా పెరటి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "తెలిసే చేసేవు నువ్వు. ఈ బంకరు నిలబడితే రోడ్డు నీ పెరట్లోంచి పోతాది. నీ పోక చెట్లు పోతాయి. అందుకే చేసేవు."

నా చేతిలో కుంచె ఇంకా కారుతూనే ఉంది.

టీచరమ్మ నాకంటే పదేళ్లు చిన్నది. సర్కారు బడిలో పనిచేసి రిటైరయింది. మా తెలుగు చర్చిలో పిల్లలకి వాక్యం చెబుతుంది. మా వాళ్లలో అక్కని పిలిచినట్టే నన్ను అప్పా అని పిలుస్తుంది. అంతకు ముందు ఒక్కసారి కూడా ఆమె నాతో గట్టిగా మాట్లాడలేదు. నేను ఆమెతో చాలాసార్లు మాట్లాడాను గానీ అది వేరు.

మాది బాంబూఫ్లాట్‌లో కొండ వార ఇల్లు. పెరడు దాటి పైకి వెళితే, యుద్ధంలో ఈ దీవుల్ని ఏలిన జపానోళ్ల కాలం నాటి బంకర్లు మూడున్నాయి. అప్పుడు సముద్రం వైపు నుంచి ఓడలు వస్తే కాల్చడానికి ఆ కొండంతా తవ్వి కట్టారట. ఇక్కడి వాళ్లం వాటిని వింతగా చూడం. ఒకదాంట్లో ఎవరి మేకలో పడుకుంటాయి. ఒకటి సగం కూలింది. మూడోది సరిగ్గా మా పెరటికి పైన ఉంది. ముందు సన్నటి నోరు, వెనక వంగి దూరాల్సిన గుమ్మం. నేను చాలా ఏళ్లు అందులో ఎండు కొబ్బరి మట్టలు దాచుకున్నాను. వానకి తడవవు, అద్దె అడిగే వాళ్లు లేరు. అన్నేళ్లలో ఆ గోడ మొహం ఒక్కరోజైనా చూసిన గుర్తు లేదు.

పై వాడకి రోడ్డు వేస్తామని కిందటి వానాకాలం ముందు కొలతలు తీసుకున్నారు. రోడ్డు పైనుంచి పోతే బంకరు పగలగొట్టాలి. కిందనుంచి పోతే మా పెరటి అంచు తీసుకోవాలి. మొదట పైనుంచే అనుకుని బంకరు పక్కన కొయ్య మేకులు పాతి తాడు కట్టారు. అప్పుడు టీచరమ్మ ఏడెనిమిది మందిని పోగు చేసింది. యుద్ధం జరిగిన కొండ ఇది, దీన్ని ఇలాగే నిలబెట్టాలి, పార్కు చేయించాలి అంది. అర్జీ పెట్టారు. ప్రతి శనివారం పొద్దున్న కొండెక్కి శుభ్రం చేయడం మొదలుపెట్టారు. వాళ్లలో ఫెర్రీ మీద పనిచేసి రిటైరైన ఒక రాంచీ ఆయన ఉన్నాడు. ఆయన్ని అందరం భయ్యా అంటాం. ఫోటోలు తీసే కాలేజీ అమ్మాయిలు ఇద్దరు. మిగతా వాళ్లు చర్చి వాళ్లే.

నన్ను టీచరమ్మే పిలిచింది. "కొండ నీ ఇంటి వెనకాలే అప్పా, నువ్వు రాకపోతే ఎలా?" అంది. వెళ్లాను. ఒక టోపీ, ఒక బనీను ఇచ్చారు. బనీను మీద ఏదో రాసి ఉంది. టోపీ మావాడికి ఇచ్చాను. బనీను మంచి నూలుది, తుడుచుకోడానికి ఉంచాను.

పని మాత్రం నాకు మొదటి రోజు నుంచీ అర్థం కాలేదు. గడ్డి పీకమన్నారు. పీకుతుంటే గోడ పగుల్లోంచి వచ్చిన వేళ్లు పీకొద్దన్నారు, పీకితే గోడ ఊడి వస్తుందట. చెత్త ఏరమన్నారు. నేను గోనె సంచీ నిండా ఏరాను. అందులో బిస్కట్ కాగితాలు, సీసాలు ఉంటే మంచిదన్నారు. తుప్పు పట్టిన డబ్బాలు, మేకులు ఉంటే టీచరమ్మ గుండె మీద చేయి వేసుకుంది.

"అయ్యో అప్పా, ఇవి అప్పటివి! ఎక్కడ తీసేవో అక్కడే పెట్టెయ్."

"ఎక్కడ తీసేనో నాకేటి తెలుసు? కొండంతా తిరిగి ఏరేను."

"ఆ పక్కన పొద దగ్గర పెట్టెయ్ పోనీ."

పొద దగ్గర పెట్టాను. తుప్పు డబ్బా దాచాలి, కొత్త డబ్బా పారెయ్యాలి. పాతదయితే చెత్త కాదన్నమాట. ఆ లెక్కన మా ఇంట్లో చెత్తే లేదు అని నేనంటే భయ్యా మాత్రం నవ్వాడు.

పార్కు అనే మాట కూడా అంతే. పార్కంటే ఉయ్యాల, జారుడుబల్ల, పూల మొక్కలు. టీచరమ్మ చెప్పే పార్కులో అవేవీ ఉండవట. ఉన్నది ఉన్నట్టే ఉంటుందట. మరి ఉన్నది ఉన్నట్టే ఉంచడానికి ఇంతమంది పొద్దున్నే లేచి రావడం దేనికి అని అడిగాను. "ఏం చెయ్యకుండా ఒగ్గేస్తే ఉన్నది ఉండదప్పా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ సగమే తెలుస్తుంది.

మాఘమాసం చివర్లో ఒక శనివారం నేను వెళ్లలేదు. మా కోడలికి జ్వరం. ఆ రోజే అమ్మాయిలు బంకరు లోపల మొబైల్ లైటు పక్కవాటంగా పట్టి చూస్తే గోడ మీద గీతలు కనపడ్డాయట. మేకుతోనో రాయితోనో వరసగా గీసిన నిలువు గీతలు. సిపాయి ఎవరో ఇంటికి పోయే రోజు కోసం రోజులు లెక్కపెట్టుకున్నాడని టీచరమ్మ అంది. పాత కట్టడాల సంగతి చూసే సర్కారు ఆఫీసుకి ఫోన్ చేసింది. గోడ మీద రాతలు నిజంగా ఉంటే బంకరు ముట్టుకోం, లేకపోతే అది ఉత్త సిమెంటు దిమ్మ, వచ్చి నా కళ్లతో చూస్తాను అన్నాడట సాహెబు. ఆదివారం చర్చి మెట్ల మీద టీచరమ్మ నాకు ఫోటో చూపించింది. బూడిద రంగు మీద బూడిద రంగు. ఏ బంకరులోవి అని అడగలేదు. అందరూ చూస్తున్నారు, వెనక జనం దిగుతున్నారు, తలూపాను.

ఇక సున్నం సంగతి. మట్టల ఆదివారానికి ముందు మా వాళ్లం సమాధుల తోటకి వెళ్లి గడ్డి కోసి, సమాధులకి సున్నం వేస్తాం. ఎవరి వాళ్లకి వాళ్లు. నేను మా నాన్నకి, అమ్మకి, మా ఆయనకి వేస్తాను. ఎవరూ లేని సమాధులు పక్కన ఉంటే వాటికీ ఒక పూత. మా అమ్మ అలాగే చేసేది. చచ్చిపోయిన వాళ్ల చోటు నల్లగా ఉండకూడదు అనేది. ఈ ఏడు బుధవారం వెళ్లాను. అందరికీ వేసినా అర బకెట్టు మిగిలింది. కలిపిన సున్నం ఉంచితే అడుగున పేరుకుపోయి పనికిరాదు. పారబోయడం నా వల్ల కాదు. బకెట్టు తెచ్చి పెరట్లో పెట్టి ఇంకా నీళ్లు పోశాను. గురువారం పొద్దున్న దాన్ని చూస్తుంటే కొండ కనపడింది. రేపు సాహెబ్ వస్తున్నాడు, బంకరు లోపల మసిగా, చీకటిగా ఉంది, యుద్ధంలో ఎంతమంది పోయారో, వాళ్లకి ఎవరు సున్నం వేస్తారు అనుకున్నాను. బకెట్టు తీసుకుని ఎక్కాను. చిందితే కళ్లజోడు పాడవుతుందని తీశాను. లోపలి గోడ మొత్తం వేసేసరికి నడుం పడిపోయింది. బయట నిలబడి లోపలికి చూసుకుంటుంటే టీచరమ్మ, భయ్యా పైకొచ్చారు.

నేను చెప్పేది ఇదే. కానీ టీచరమ్మ అన్న మాట కూడా వట్టిది కాదు. రోడ్డు కిందనుంచి వస్తే మా పోక చెట్లు అయిదింట్లో అంచున ఉన్న రెండు పోతాయని మా కోడలు నాతో ఆ ముందు వారమే అంది. నేను విన్నాను. ఆ రెండూ మా ఆయన నాటినవి. పొద్దున్న బకెట్టు ఎత్తుకుంటున్నప్పుడు ఆ సంగతి నా బుర్రలో ఉందా లేదా? లేదనే అనుకుంటున్నాను. కానీ ఫోటో చూపిస్తే సరిగ్గా ఎందుకు చూడలేదు? ఏ బంకరని ఎందుకు అడగలేదు? పైసా పెట్టి ఏదైనా కొనాలంటే పది ప్రశ్నలడిగే దాన్ని. మనిషి తన చేతిని తానే నమ్మలేకపోతే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

"మాట్లాడవేటప్పా?" అంది టీచరమ్మ.

"పోక చెట్ల కోసం దేవుడి దగ్గర దొంగనవుతానేటి?" అన్నాను. గట్టిగానే అన్నాను గానీ నా గొంతు నాకే వేరేగా వినపడింది.

భయ్యా మా ఇద్దరి మధ్యలోంచి వంగి లోపలికి దూరాడు. అక్కడి నుంచి అరిచాడు. "అరే దీదీ, ఇందులో గోంద్ వెయ్యలేదా?"

గోంద్ అంటే బంక. సున్నం గోడకి పట్టాలంటే కాస్త బంక కలపాలి. బంక డబ్బా కొనాలి.

"సమాధులకే వెయ్యలేదు. దీనికెందుకు వేస్తాను?" అన్నాను.

"బహుత్ అచ్ఛా! కంజూస్ దీదీ, జిందాబాద్!"

టీచరమ్మ కూడా లోపలికి దూరింది. నేనూ వెనకే వెళ్లాను. భయ్యా మెడలో తువ్వాలు తడిపి ఒక జానెడు మేర గోడ మీద అద్దాడు. సున్నం పిండిలా తువ్వాలుకి వచ్చేసింది. మళ్లీ అద్దాడు. గోడ బూడిద రంగు తేలింది. కానీ గీతల్లో దిగిన సున్నం రాలేదు. నాలుగు తెల్లటి గీతలు, దారంతో కుట్టినట్టు, అక్కడ నిలబడ్డాయి.

టీచరమ్మ మొహం చూస్తే ఏడవాలో నవ్వాలో ఆమెకీ తెలిసినట్టు లేదు.

"ఇలా చెయ్యకూడదు తెలుసా?" అంది చివరికి. "సున్నం, నీళ్లు ఏవీ తగలకూడదు దీనికి."

"తగిలేయి కదా. ఇప్పుడేటి చెయ్యమంటావు?"

"పాత గుడ్డలున్నాయా?"

ఉన్నాయి. మా ఇంట్లో లేని పాత గుడ్డ లేదు. కిందికి వెళ్లి రెండు చీర ముక్కలు, వాళ్లిచ్చిన బనీను కూడా తెచ్చాను. టీచరమ్మ ఆ బనీనే తడిపి చేతిలోకి తీసుకుంది. రుద్దొద్దు, అద్దడమే అని చెప్పింది. ముగ్గురం వంగి అద్దడం మొదలుపెట్టాం. నేను తెల్లగా చేయడానికి పట్టిన దానికి మూడింతల సేపు పట్టింది దాన్ని తీయడానికి. మధ్యలో టీచరమ్మ తన డబ్బాలోని పులిహోర నాకూ పెట్టింది. తిన్నాం గానీ ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

"నాకు బీపీ ఉంది" అంది.

ఆ మధ్యాహ్నం మేం మాట్లాడుకున్నది అదే.

ఇక్కడ పొద్దు తొందరగా వాలిపోతుంది. ఇంకా వెలుగుండగానే గోడంతా తేలింది. నడుం నిమురుకుంటూ వెనక్కి వచ్చి, కొంగు ముడి విప్పి కళ్లజోడు పెట్టుకున్నాను. అప్పుడు చూశాను ఆ గీతల్ని, మొదటిసారి.

నాలుగు గీతలు, చిన్న ఎడం. మళ్లీ నాలుగు గీతలు, చిన్న ఎడం. అలా పది వరసలకి పైనే ఉన్నాయి. కొన్ని లోతుగా, కొన్ని చెయ్యి అలిసిపోయినట్టు పైపైన.

"రోజులు లెక్కపెట్టుకున్నాడు పాపం" అంది టీచరమ్మ పక్కన నిలబడి.

"రోజులు లెక్కపెట్టుకుంటే నాలుగేసి ఎందుకు పెడతాడు? వారానికి ఏడు కదా."

"నాలుగు గీసి అయిదోది అడ్డగీత పెట్టడం మామూలు. అడ్డగీత లేకుండా నాలుగేసి పెట్టడం నాకూ తెలీదు."

"ఇవి పుంజీలు" అన్నాను.

అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

పుంజీ అంటే నాలుగు. మా నాన్న కొబ్బరికాయలు, చేపలు, ఇంటి మీద కప్పే ఆకులు, ఏవైనా పుంజీల్లోనే లెక్కపెట్టేవాడు. చదువు లేదు. వంటింటి గోడ మీద బొగ్గుతో నాలుగు గీతలు గీసి ఎడం ఇచ్చేవాడు. గోడకి సున్నం వేసిన రోజున అమ్మని తిట్టేవాడు, లెక్కంతా పోయిందని. యుద్ధానికి ముందే ఆయన ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు, అడవి పనికి. జపానోళ్ల కాలంలో ఈ కొండకి గులకరాళ్ల తట్టలు మోయించారు ఆయన చేత. ఇది అమ్మ చెప్పింది. ఆయన ఒక్క మాట చెప్పలేదు. ఇల్లు కట్టుకున్నప్పుడు కొండ వైపు గుమ్మం పెట్టనివ్వలేదు. అందరి ఇళ్లకీ పెరటి వైపు తలుపుంటుంది, మా ఇంటికి లేదు. ఇప్పటికీ పెరట్లోకి వెళ్లాలంటే చుట్టూ తిరిగి వెళ్లాలి. మేం పిల్లలం బంకరులో ఆడుకుంటుంటే ఆయన కింద నిలబడి పిలిచేవాడు. పైకి మాత్రం ఒక్క అడుగు వేసేవాడు కాదు.

ఇదంతా టీచరమ్మకి చెప్పాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు.

టీచరమ్మ గోడ వైపు, నా వైపు చూసింది. "అయితే మీ నాన్నే గీసేడంటావా?"

"నేనేటీ అనట్లేదు. పుంజీల్లో లెక్కపెట్టీది మా నాన్న ఒక్కడేనేటి? ఓడలో ఎంతమంది వచ్చేరో."

"మనోళ్లెవరో మాత్రం అవును కదా?"

"ఏమో. వేరే వాళ్లు నాలుగేసి లెక్కపెట్టకూడదని ఉందేటి?"

"అప్పా, రేపు సాహెబ్‌కి ఈ మాట చెప్పు. సిపాయి గీతలంటే ఆయన నమ్ముతాడో లేదో గానీ, రాళ్లు మోసినోడి కూతురు చెప్తే వింటాడు."

"నాకు తెలీని మాట ఎలా చెప్తాను?"

"తెలిసిందే చెప్పు."

కిందికి దిగాను. కోడలు చేపల పులుసు దించుతూ నా చీర మీద సున్నం చూసింది. జరిగింది అంతా చెప్పాను. ఆమె ఇక్కడే పుట్టిన పిల్ల, సగం హిందీలో మాట్లాడుతుంది.

"మత్ బోలో అత్తా" అంది. "నువ్వు ఏం చెప్పకు. చెప్తే బంకరు ఉంటాది, మన చెట్లు పోతాయి. ఎప్పుడో పోయిన తాతగారి కోసం ఉన్న చెట్లు పోగొట్టుకుంటామా?"

"తాత గీసేడని నేననలేదు."

"అదే నేననేది. తెలీదు కదా. తెలీనప్పుడు చుప్ రహో."

ఆ మాటలో తప్పు నాకు కనపడలేదు. టీచరమ్మ మాటలోనూ కనపడలేదు. ఒకటేమో తెలిసిందే చెప్పు అంటుంది, ఒకటేమో తెలీనప్పుడు ఊరుకో అంటుంది. రెండూ సరైనవే అయితే నేనేం చేయాలి? మా ఆయన ఉంటే అడిగేదాన్ని. ఆయన ఎటూ చెప్పేవాడు కాదనుకోండి, ఆ చెట్ల పాదులు తవ్వుకుంటూ కూర్చునేవాడు.

పులుసన్నం తిన్నాను. గిన్నెలు కడిగాను. వంటింటి గోడ వైపు ఒకసారి చూశాను. అమ్మ పోయాక ఎన్ని పూతలు వేశానో. దాని కింద నాన్న బొగ్గు గీతలు ఏవైనా ఉన్నా, నా చేత్తోనే పోయాయి. దానికి ఏ టీచరమ్మా నన్ను తిట్టలేదు.

మర్నాడు శుక్రవారం. సాహెబు పొద్దున్న ఫెర్రీకి వచ్చాడు. చిన్నవాడే, మా పెద్దోడి వయసు ఉంటుంది. రోడ్డు పని చూసే మనిషి కూడా ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వెంట వచ్చాడు. టీచరమ్మ, భయ్యా, అమ్మాయిలు అప్పటికే పైన ఉన్నారు. నేను కళ్లజోడు తుడిచి పెట్టుకుని వెళ్లాను. కోడలు పెరట్లో నిలబడింది.

సాహెబు వంగి లోపలికి వెళ్లాడు. టార్చి వేసి గోడ మొత్తం చూశాడు. కింద నేల మీద తెల్లటి మరకలు చూసి బయటికి వచ్చి అడిగాడు. "యే చూనా కిసనే లగాయా?"

సున్నం ఎవరు వేశారని. టీచరమ్మ నోరు తెరిచింది. నేనే ముందు చెప్పాను. "నేను వేసేను సాబ్."

"ఎందుకు?"

"మిగిలింది."

ఆయన టీచరమ్మ వైపు చూశాడు. టీచరమ్మ కొండ వైపు చూసింది. తర్వాత ఆయన గీతల గురించి మీకేమైనా తెలుసా అని అడిగాడు. నాకు వచ్చిన హిందీలో చెప్పాను. మా నాన్న ఈ కొండకి రాళ్లు మోశాడని మా అమ్మ చెప్పింది. ఆయన నాలుగేసి లెక్కపెట్టేవాడు, అది నేను చూశాను. ఈ గీతలు ఆయన గీసినవో కాదో నాకు తెలీదు. అంతే చెప్పాను.

ఆయన అంతా రాసుకున్నాడు. కింద సంతకం చేయమన్నాడు. తెలుగులో చేయొచ్చా అని అడిగాను. చేయమన్నాడు. కాగితం బంకరు మీద పెట్టుకుని నెమ్మదిగా చేశాను. ఫోటోలు తీసుకున్నాడు. ఇక ముందు ఎవరూ లోపలి గోడ ముట్టకూడదని అందరికీ చెప్పి, నా వైపు తిరిగి "ఆప్ భీ", మీరు కూడా, అన్నాడు.

తర్వాత రోడ్డు మనిషితో ఏదో మాట్లాడాడు. ఆ మనిషి బంకరు పక్కన పాతిన కొయ్య మేకులు రెండూ పీకాడు. తాడు చుట్టుకుని మా పెరట్లోకి దిగి, అంచున మళ్లీ పాతాడు. రంగు డబ్బా మూత తీశాడు.

"ఆగు బాబూ" అన్నాను. "గెలలు పండినాయి. కోసుకోనీ."

ఆగాడు. మా కోడలు దోటీ తెచ్చింది. రెండు చెట్లవీ గెలలు కోసి కింద పెట్టాం. టీచరమ్మ కూడా దిగి వచ్చి రాలిన కాయలు ఏరింది. ఆ తర్వాత ఆ మనిషి రెండు చెట్లకీ ఎర్ర రంగు చుట్టు గీసి, సాహెబుతో కలిసి ఫెర్రీకి వెళ్లిపోయాడు. నేను సున్నం బకెట్టు కడిగి బోర్లించాను.